పెయింట్‌బాల్ పోటీలు జనంలోకి వెళ్లాలంటే ఆటని పలచన చేయాలా?

మీ ప్రశ్న చదివి రెండు రోజులు మనసులో తిప్పుకున్నాక రాస్తున్నాను. ఆఫీసు స్నేహితులతో డాలస్ దగ్గర పెయింట్‌బాల్ (రంగు నింపిన గుళ్లు పేల్చుకునే ఆట, గుండు తగిలి రంగు అంటితే బయటికి పోవాలి) ఆడారు, బాగా నచ్చింది. ఇంటికొచ్చి అమెరికా పెయింట్‌బాల్ లీగ్ ఎన్‌ఎక్స్‌ఎల్ వాళ్ల వరల్డ్ కప్ మ్యాచ్ వీడియో పెట్టుకుని పది నిమిషాలకే కట్టేశారు. ఎవరు ఎవర్ని కొట్టారో, ఎవరు ఎందుకు బయటికి నడిచారో అంతుపట్టలేదు. "ఆడితే ఇంత బాగున్న ఆట చూస్తుంటే ఎందుకిలా ఉంది? జనం చూడాలంటే నియమాలు తేలిక చేయాలి కదా, చేస్తే గట్టిగా ఆడేవాళ్లకి ఆట చెడిపోతుందా?" అని అడిగారు.

టెక్సస్‌లో పన్నెండేళ్లు డివిజన్ జట్లలో, అంటే ప్రొఫెషనల్ స్థాయికి కింది పోటీల్లో, ఆడాను. మోకాలు మొరాయించాక ఆరేళ్లుగా రిఫరీగా మైదానంలో నిలబడుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఆటని జనానికి అర్థమయ్యేలా చేయడం వేరు, తేలిక చేయడం వేరు. అర్థమయ్యేలా చేసే పని ఇంకా సగం కూడా కాలేదు. తేలిక చేయాల్సిన అవసరమే లేదు. ఇక అసలు చిక్కు టీవీ ముందు కూర్చున్నవాళ్ల దగ్గర లేదు, మీలాగా మొదటిసారి మాస్కు అద్దెకి తీసుకున్నవాళ్ల దగ్గర ఉంది. అక్కడికి చివర్లో వస్తాను.

ముందు ఇది ఎక్కడ పుట్టిందో చూడండి. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెనికర్ దగ్గర అడవిలో పన్నెండు మంది ఆడారు. చెట్లకీ పశువులకీ రంగు గుర్తు వేయడానికి వాడే నెల్‌స్పాట్ 007 అనే పిస్టల్ వాళ్ల చేతుల్లో ఉంది. అడవిలో దాచిన జెండాలన్నీ ఏరుకుని బయటపడాలి. గెలిచింది రిచీ వైట్ అనే అటవీ నిపుణుడు, అదీ ఒక్క గుండు కూడా పేల్చకుండా! చెట్ల చాటున నక్కి నక్కి జెండాలన్నీ పట్టుకుపోయాడు. ఆడినవాళ్లకి ఆ రోజు జీవితాంతం గుర్తుండి ఉంటుంది. కానీ ఆ ఆటని చూడగలిగినవాడు ఎవడు? ఎవరికీ కనబడకుండా ఉండటమే అందులో నేర్పు. చూసేవాళ్లకీ ఆడేవాళ్లకీ మధ్య ఈ పేచీ పుట్టుకతోనే వచ్చింది.

దాన్ని మొదట తీర్చింది గాలి బంకర్లు, అంటే ఆటగాళ్లు చాటున దాక్కునే గాలి దిమ్మెలు. 1990ల మధ్య నుంచి అడవిని వదిలేసి, చదునైన పచ్చిక మీద గాలి నింపిన బంకర్లు పెట్టి ఆడటం మొదలైంది. ఇప్పటి పోటీ మైదానం సుమారు 150 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు, చుట్టూ వల. ఒక సగం రెండో సగానికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. ఇది కేవలం ప్రేక్షకుల కోసం చేసిన అలంకారమని చాలామంది పాత అడవి ఆటగాళ్లు అప్పట్లో గునిశారు. నా మటుకు నాకు ఆ మార్పు వల్లే ఇది పోటీ క్రీడ అయింది. అడవిలో ఒక జట్టుకి గట్టు దొరికితే ఇంకో జట్టుకి పల్లం దొరికేది, ఓడినవాళ్లు నేలని తిట్టుకునేవాళ్లు. రెండు సగాలూ సమానమయ్యాక ఆ సాకు పోయింది. జనానికి ఆట కనబడిందీ అప్పుడే, తీర్పు న్యాయంగా మారిందీ అప్పుడే. ఏ కొత్త నియమం వచ్చినా నేను ఈ బంకర్ల పక్కన పెట్టి చూసుకుంటాను: చూసేవాడికి ఏం మేలు చేసింది, మెరుగైన జట్టు గెలిచే అవకాశాన్ని ఏం చేసింది?

2002లో వచ్చిన ఎక్స్‌బాల్ ఇంకా పెద్ద అడుగు. అంతకుముందు మ్యాచ్ అంటే ఒక్క ఆట, ఎవరో గెలిచేవాళ్లు, అయిపోయేది. ఎక్స్‌బాల్‌లో ఐదుగురికి ఐదుగురు, పాయింట్ తర్వాత పాయింట్, గడియారం నడుస్తుంటుంది, స్కోర్ బోర్డు మీద అంకెలు కనబడతాయి. తప్పు చేసినవాడిని పెనాల్టీ పెట్టెలో కూర్చోబెడితే జట్టు ఒకరు తక్కువగా ఆడాలి. ఇదివరకు జెండా తెచ్చి వేలాడదీస్తే పాయింట్ వచ్చేది, ఇప్పుడు అవతలి వాళ్ల బేస్‌లో బజర్ నొక్కితే చాలు. కొత్తగా వచ్చినవాడికి కూడా "ఫలానా జట్టు నాలుగు, ఫలానా జట్టు మూడు" అన్నది అర్థమవుతుంది. ఒక్క పాయింట్‌లో అదృష్టం కొద్దీ ఓడిన మంచి జట్టు తర్వాతి పాయింట్లలో తేరుకోగలదు. ఇదీ రెండు వైపులా మేలే.

అయితే అదే ఎక్స్‌బాల్‌తో ఇంకో పద్ధతి వచ్చింది. దాని మీద నాకు ఈనాటికీ పూర్తిగా మనసు కుదరలేదు. వల బయట నుంచి అరుస్తూ ఆటగాళ్లకి సమాచారం అందించడాన్ని మొదట్లో అనుమతించారు. కోచ్ ఒక్కడే కాదు, ఆ వైపు నిలబడ్డ జనమంతా కేకలు వేసేవాళ్లు. "ఎడమ అంచున ఒకడున్నాడు!", "కుడివైపు ఇద్దరే మిగిలారు!" అని. ఆ సందడి చెబితే అర్థం కాదు. మన ఊళ్లో కబడ్డీ జరుగుతుంటే కోర్టు గీత మీదికి తోసుకొచ్చి, కూతకి వెళ్లినవాడికి చుట్టూ ఉన్న పాతికమంది సలహాలిస్తారే, అచ్చం అలాగే ఉండేది. ప్రేక్షకుడు ఆటలో భాగమయ్యాడు. జనాకర్షణ అంటే అంతకంటే ఏం కావాలి?

కానీ ఆటగాడిగా ఆలోచించండి. నేను బంకర్ వెనక మోకాళ్ల మీద కూర్చుని, అవతలి వాళ్ల మార్కర్ల (గుళ్లు పేల్చే తుపాకుల) చప్పుడు బట్టి ఎవరెక్కడున్నారో లెక్క కట్టుకుంటున్నాను. ఆ లెక్కే నా నేర్పు. వల బయట నుంచి నలభై గొంతులు జవాబు చెప్పేస్తే ఇక నేను నేర్చుకున్నది ఎందుకు? పైగా ఎక్కువమందిని వెంట తెచ్చుకున్న జట్టుకి ఎక్కువ కళ్లు ఉన్నట్టే. దూరం నుంచి సొంత ఖర్చుతో ఐదుగురే వచ్చిన జట్టుకి ఆ కళ్లు లేవు. తర్వాతి ఏళ్లలో దీని మీద నియమాలు మారుతూ వచ్చాయి. ఆటగాడిగా నిశ్శబ్దాన్నే కోరుకున్నాను. వల బయట నిలబడ్డ రోజుల్లో నేనూ గొంతు పోయేలా అరిచాను. ఒక మార్పు జనానికి ఇష్టమై ఆటకి చేటు చేసే అరుదైన సందర్భం ఇది. ఇక్కడ ఆట పక్షమే వహించాలని ఇప్పుడు నమ్ముతున్నాను.

టీవీ సంగతి క్లుప్తంగా. 2000ల నడుమ ఒకే దేశంలో రెండు లీగ్‌లు పోటీపడ్డాయి. ఎన్‌పీపీఎల్ ఏడుగురి ఆట కాలిఫోర్నియాలో హంటింగ్టన్ బీచ్ ఇసుక మీద పెద్ద హంగుతో జరిగేది, ఈఎస్‌పీఎన్ 2లో కూడా వచ్చింది. ఇంకో వైపు పీఎస్‌పీ ఎక్స్‌బాల్‌ని నడిపింది. సముద్రం, ఎండ, స్టాండ్లు, అన్నీ ఉన్నాయి. అయినా బయటి కంపెనీల డబ్బు నిలకడగా రాలేదు. 2008 ఆర్థిక మాంద్యం వచ్చి పడ్డాక పాత ఎన్‌పీపీఎల్ మూతపడింది. పీఎస్‌పీ 2014తో ముగిసి, ఆ స్థానంలో ఇప్పటి ఎన్‌ఎక్స్‌ఎల్ వచ్చింది. అప్పట్నుంచీ ఈ ఆట టీవీ చానెల్ కోసం ఎదురుచూడటం తగ్గించి, సొంతంగా వెబ్‌లో ప్రసారం చేసుకుంటోంది. నా ఉద్దేశంలో అదే మంచిదైంది.

టీవీలో ఎందుకు పండలేదంటే ముఖ్య కారణం మీరు చెప్పిందే. బంతి కనబడదు. 0.68 అంగుళాల గుండు, సెకనుకి 300 అడుగుల లోపు వేగం. కెమెరాకి అందేది ఒక పొగలాంటి గీత, అంతే. టేబుల్ టెన్నిస్ వాళ్లు 2000లో బంతిని 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెంచారు, వేగం కాస్త తగ్గి చూసేవాళ్ల కంటికి ఆనుతుందని. మనకి ఆ దారి లేదు. గుండు పెద్దదైతే దెబ్బ పెద్దది.

కాబట్టి చూపించాల్సింది గుండుని కాదు, మనిషిని. ఒక ఉదాహరణ చెబుతాను. పోయిన సీజన్‌లో ఒక కింది డివిజన్ మ్యాచ్‌కి నేను స్నేక్ వైపు రిఫరీని. స్నేక్ అంటే మైదానం ఒక అంచున పాములా పొడుగ్గా, మోకాలెత్తున పడి ఉండే బంకర్ల వరస. దాని వెనక నేల మీద పాకుతూ పోవాలి. ఒక జట్టులో ఒకే ఒక్క కుర్రాడు మిగిలాడు, పదిహేడేళ్లు ఉంటాయేమో. ఎదుట ఇద్దరు. వాడు స్నేక్‌లో బోర్లా పడుకుని, చెంప గడ్డికి ఆనించి, మార్కర్ ఛాతీ కింద పెట్టుకుని కదలకుండా ఉన్నాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. మాస్కు లోపల ఊపిరి చప్పుడు వినబడుతోంది. అవతలివాడి గుళ్లు వాడి తలపైన బంకర్ అంచున టపటపా పగులుతున్నాయి. ఉన్నట్టుండి ఆ టపటప ఆగింది. అదనపు గుళ్లుండే ప్లాస్టిక్ పాడ్ మూత తెరిచిన టక్‌మనే శబ్దం, ఆపైన హాపర్‌లోకి (మార్కర్ పైనుండే గుళ్ల డబ్బాలోకి) గుళ్లు గలగలా జారుతున్న శబ్దం. కుర్రాడు లేచాడు. అవతలివాడు ఎడమచేత్తో పాడ్ వంపుతుండగానే పదిహేను అడుగులు పరిగెత్తి పక్కనుంచి రెండు గుళ్లు వేసి, అదే ఊపులో ముందుకు పోయి రెండోవాణ్ణి కూడా తీసేసి బజర్ నొక్కాడు. మొత్తం ఐదు సెకన్లు కూడా పట్టలేదు.

వల బయట ఉన్నవాళ్లకి కనబడింది: ఒకడు హఠాత్తుగా పరిగెత్తాడు, ఇద్దరు అవుటయ్యారు. నేను విన్నది మాత్రం ఒక కుర్రాడు నిమిషం పాటు చెవులు రిక్కించుకుని ఒక్క గలగల శబ్దం కోసం కాచుకోవడం. ఈ ఆటలో అందం అంతా అక్కడే ఉంది, ప్రసారంలో అది రావడం లేదు. ఎవరి హాపర్ ఖాళీ అవుతోందో వ్యాఖ్యాత ముందే చెప్పాలి. పైనుంచి చూపే కెమెరాలో ఎవరి గుళ్లు ఏ దారిని మూసేస్తున్నాయో గీతలు గీసి చూపాలి. పాయింట్ మొదలయ్యే ముందు లేఅవుట్‌ని, అంటే బంకర్ల అమరికని, ముప్పై సెకన్లు పరిచయం చేయాలి. లేఅవుట్ పోటీకి ముందే విడుదలవుతుంది, జట్లు దాని మీద వారాంతాలు గడిపి వస్తాయి. చూసేవాడికి మాత్రం ఏమీ చెప్పకుండా నేరుగా ఆటలోకి తోసేస్తున్నారు. వీటిలో ఏ ఒక్కదానికీ నియమాల పుస్తకంలో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

కబడ్డీని చూడండి. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక మట్టి బదులు మ్యాట్, రైడ్‌కి 30 సెకన్ల గడియారం, వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింట్ తేవాలి లేదా అవుటవ్వాలి. మా నాన్నగారు ఊళ్లో ఆడినవారు. మొదటి సీజన్ చూస్తూ "ఇది కబడ్డీయేనా" అన్నారు. రెండో వారానికి మా ఇంట్లో తెలుగు టైటాన్స్ మ్యాచ్ వస్తే భోజనాలు టీవీ ముందే. ఆ డు ఆర్ డై నియమం ఏం చేసిందో గమనించండి. ఆధిక్యంలో ఉన్న జట్టు ఊరికే గీత దాకా వెళ్లి తిరిగొచ్చే పాచి సమయాన్ని కోసేసింది. పట్టు పట్టడం, తప్పించుకోవడం, కాలితో తాకడం, వీటిలో దేన్నీ ముట్టుకోలేదు. నేర్పు అలాగే ఉంది, ఆ నేర్పు చూపాల్సిన సందర్భాలు పెరిగాయి.

పెయింట్‌బాల్‌లో దానికి సమానమైనది కాల్పుల వేగం తగ్గించడం. 2000లలో ఎలక్ట్రానిక్ మార్కర్లు ర్యాంపింగ్‌తో (వేలి నొక్కుల కంటే ఎక్కువ గుళ్లు పేల్చే ఏర్పాటుతో) సెకనుకి 15 గుళ్ల దాకా పేల్చేవి. వెనక ఉన్న ఇద్దరు రెండు దారుల మీద గుళ్ల ధారలు పెడితే ఇక ఎవడూ కదలలేడు. అందరూ బంకర్ల వెనక దాక్కుని ఒకరి మీద ఒకరు రంగు కుమ్మరించుకునేవాళ్లు. ఆ పరిమితిని తర్వాత దశలవారీగా దించారు. ఇప్పుడు ఎన్‌ఎక్స్‌ఎల్‌లో 10కి కాస్త పైన. ఆ తేడా గుళ్ల మధ్య ఖాళీలో తెలుస్తుంది. ఖాళీ ఉంటే మనిషి పరిగెత్తే ధైర్యం చేస్తాడు. పరుగులు పెరిగితే చూసేవాడికి ఉత్సాహం, ఆడేవాడికి గురి మీదా సమయం మీదా పరీక్ష. జేబుకీ ఊరటే.

ఇంకా దించాలంటాను నేను, కనీసం కింది డివిజన్లలో. ఎందుకంటారా? మామూలు హాపర్‌లో సుమారు 200 గుళ్లు పడతాయి. సెకనుకి పది చొప్పున అయితే ఇరవై సెకన్లలో ఖాళీ. ఒక కేసులో, అంటే గుళ్లు అమ్మే పెట్టెలో, 2000 గుళ్లు. మా జట్టులో ఒక్క ఆదివారం ప్రాక్టీసుకి మనిషికి ఒక కేసు, వెనక ఆడేవాళ్లకి ఒకటిన్నర అయ్యేది. ప్రవేశ రుసుము, విమానం, హోటల్ అన్నీ సొంత డబ్బే. బహుమతి వచ్చినా ఆ ఖర్చు పూడదు. నాతో ఆడినవాళ్లలో ఆట మీద ఇష్టం చచ్చి మానేసినవాళ్లు ఎవరూ లేరు. పెళ్లై, ఇల్లు కొనుక్కుని, నెలకి రెండు మూడు కేసుల ఖర్చు భరించలేక మానేశారు.

ఇక మొదట్లో అన్న మాటకి వస్తున్నాను. టోర్నమెంట్‌కి వెళ్లి వల చుట్టూ నిలబడ్డవాళ్లని చూడండి. తొంభై పాళ్లు వాళ్లూ ఆటగాళ్లే: పొద్దున ఆడి ఓడినవాళ్లు, సాయంత్రం ఆడబోయేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు. ఈ ఆటకి ప్రేక్షకులు బయటి నుంచి రారు, ఆడినవాళ్లలోంచే పుడతారు. కాబట్టి జనాదరణ పెంచాలంటే ఆడేవాళ్లని పెంచాలి, వచ్చినవాళ్లని నిలబెట్టుకోవాలి. అక్కడే మనం ఘోరంగా తప్పు చేస్తున్నాం.

చాలా ఏళ్ల కిందట ఒక మైదానంలో జరిగింది చెబుతాను, మైదానం పేరు అనవసరం. పుట్టినరోజుకని పన్నెండేళ్ల అబ్బాయి, వాళ్ల నాన్న వచ్చారు. అద్దె మార్కర్లు. జనం తక్కువగా ఉన్నారని ప్రాక్టీసుకి వచ్చిన టోర్నమెంట్ ఆటగాళ్లతో కలిపి ఆడించారు. మా జట్టువాడే ఒకడు ఆ అబ్బాయి మీదికి ఉరికి ఆరు గుళ్లు వేశాడు. మొదటిది పగలగానే ఆపాలి, ఆపలేదు. పోటీ మైదానంలో ఎదుటివాడు రంగు తుడిచేసుకుంటాడేమోనని నాలుగైదు వేసే అలవాటు మాకుంది, ఆ అలవాటు అక్కడా బయటపడింది. అబ్బాయి మెడ మీద ఎర్రటి చక్రాలు లేచాయి. ఏడవలేదు. మాస్కు తీయకుండా నేరుగా నాన్న దగ్గరికి నడిచి, మార్కర్ బల్ల మీద పెట్టి, కారెక్కాడు. ఇంకా సగం పెట్టె గుళ్లు మిగిలే ఉన్నాయి. వాళ్లు మళ్లీ రాలేదు. నేను ఆ రోజు మా వాణ్ణి ఏమీ అనలేదు. అది నా తప్పు, ఇప్పటికీ మనసులో ఉంది.

ఆ అబ్బాయికీ మొన్న స్నేక్‌లో పాకిన కుర్రాడికీ మధ్య మెట్లు కావాలి. కొన్ని ఇప్పటికే ఉన్నాయి. చిన్నపిల్లలకి 0.50 అంగుళాల చిన్న గుళ్లతో తక్కువ దెబ్బ తగిలే ఆట ఉంది. పెద్దవాళ్లకి మెకానికల్ మార్కర్ల పోటీలు మళ్లీ ఊపందుకున్నాయి, పదేసి మందితో పాత పద్ధతిలో. వేలు ఎన్నిసార్లు నొక్కితే అన్ని గుళ్లే పేలతాయి, బ్యాటరీ సాయం లేదు. వాటిని కొందరు "పాత జ్ఞాపకాల ఆట" అని తేలిగ్గా తీసేస్తారు. నేను అక్కడ రిఫరీగా ఉన్నప్పుడు చూశాను, మొదటిసారి టోర్నమెంట్ ఆడుతున్నవాళ్లూ పదిహేనేళ్ల కిందట మానేసినవాళ్లూ ఒకే జట్టులో ఉంటారు. ఖర్చు తక్కువ, పరుగు ఎక్కువ. ప్రతి మైదానం నెలకొకసారి ముగ్గురేసి జట్లతో ఇలాంటి చిన్న పోటీ పెట్టి, అద్దె మార్కర్‌తో కూడా ఆడనిస్తే చాలు. పై స్థాయి ఆట జోలికి పోనక్కర్లేదు. డైనస్టీ లాంటి పేరున్న ప్రొఫెషనల్ జట్టు ఫైనల్ ఆడేటప్పుడు అది ఎంత కఠినంగా ఉంటే అంత మంచిది. ఎక్కేవాడికి శిఖరం ఎత్తుగానే ఉండాలి, దారి మాత్రం తెరిచి ఉండాలి.

ఒక్క విషయంలో మాత్రం జనం పేరు చెప్పి ఎవరు ఏం అడిగినా ఒప్పుకోను: రిఫరీల సంఖ్య తగ్గించడం, ఆట ఆగిపోతోందని పెనాల్టీలు సడలించడం. రంగు తగిలాక తుడిచేసుకోవడం, తగిలిందని తెలిసీ ఆడుతూ పోవడం, ఈ రెండిటినీ గట్టిగా శిక్షించకపోతే మిగిలినదంతా వృథా. మోసగాడు గెలిచాడని కొత్తవాడు ఒక్కసారి కళ్లారా చూస్తే ఇక వాడికి ఎన్ని కెమెరాలు పెట్టి చూపించినా నమ్మడు.

మీ ఆఫీసు వాళ్లకి నా సూచన. ఈసారి వెళ్లినప్పుడు అడవి మైదానం కాకుండా గాలి బంకర్ల మైదానం అడగండి. మెకానికల్ మార్కర్లు, ముగ్గురికి ముగ్గురు, మనిషికి ఒక్క హాపర్, మధ్యలో నింపుకోవడం లేదు. బజర్ లేకపోతే ఒక కూలర్ పెట్టె మీద చేత్తో కొట్టండి. ఐదు పాయింట్లు ఎవరు ముందు చేస్తే వాళ్లది గెలుపు. మీరు వెళ్లేముందు మైదానం వాళ్లకి ఫోన్ చేసి, మీ బృందాన్ని ప్రాక్టీసు జట్లతో కలపొద్దని గట్టిగా చెప్పండి.

తర్వాత ఆ వరల్డ్ కప్ వీడియో మళ్లీ పెట్టండి. మ్యాచ్ మొత్తం వద్దు, ఒక్క పాయింట్ తీసుకుని మూడుసార్లు చూడండి. మొదటిసారి ఆట మొదలయ్యే క్షణంలో ఐదుగురూ ఏ బంకర్లకి పరిగెత్తారో మాత్రమే. రెండోసారి స్నేక్ వైపు మాత్రమే. మూడోసారి హాపర్ల మీద కళ్లు పెట్టండి, ఎవడు పాడ్ వంపుతున్నాడో, ఆ క్షణంలో అవతల ఎవడు లేస్తున్నాడో. చూశాక ఏం కనబడిందో ఇక్కడే రాయండి, చదువుతాను.